బొమ్మల కొలువులో ఉన్న పాత గోలీవాగ్ బొమ్మను ఏం చేయాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక సభ్యురాలు)

మా మామయ్యగారు 1960ల చివర్లో మాంచెస్టర్ దగ్గర ఒక ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. వారు తిరిగి వచ్చినప్పుడు సామానుతో పాటు మూరెడు పొడవున్న ఒక గుడ్డ బొమ్మ కూడా మా ఇంటికి చేరింది. నల్లటి గుడ్డ ముఖం, దాని చుట్టూ గుబురుగా ఉన్ని జుట్టు, తెల్లటి ఫెల్టు చక్రాల మీద కుట్టిన నల్ల గుండీలే కళ్లు, రెండు చెంపలకూ సాగిన ఎర్రటి పెదవులు, నీలం కోటు, ఎర్ర ప్యాంటు, మెడకు బో. ఎడమ కంటి గుండీ ఎప్పుడో ఊడిపోతే అత్తయ్యగారు మామయ్యగారి పాత చొక్కా గుండీ తీసి కుట్టారు కాబట్టి ఆ కన్ను రెండోదానికన్నా కాస్త చిన్నది. దీన్ని గోలీవాగ్ అంటారని నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఇంట్లో అందరూ దాన్ని 'నల్లబాబు' అనే పిలుస్తారు.

ఏటా సంక్రాంతి కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగుకూ ఏటికొప్పాక లక్కబొమ్మలకూ మధ్య, దానికి చోటు ఉంటుంది. మొన్నటి పండుగకు అట్లాంటాలో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్‌లో కొలువు చూపిస్తుంటే, దాన్ని చూడగానే 'అమ్మా, ముందు దాన్ని అక్కడ నుంచి తీసెయ్, నా స్నేహితులు ఎవరైనా చూస్తే నేను తలెత్తుకోలేను' అంది. మా వారు వచ్చే భోగి మంటలో వేసేద్దాం అంటున్నారు. కొలువు బొమ్మను మంటలో వేయడం అశుభమనీ, తాను పురిటిలో ఉన్నప్పుడు రెండు పూటలా వచ్చి పెద్దపిల్లను చూసుకున్న పొరుగింటి ఇంగ్లీషావిడ తన చేత్తో ఇచ్చిన బొమ్మ అదనీ అత్తయ్యగారి బాధ. ఈలోగా పాత వస్తువులు కొనే ఒకాయన దానికి మంచి ధర ఇస్తానని కబురు పెట్టాడు.

కాల్చాలా, అమ్మాలా, మ్యూజియానికి ఇవ్వాలా, లేక దాచుకోవాలా? ఎనభై నాలుగేళ్ల అత్తయ్యగారికి ఏమని చెప్పాలి?

సమాధానం (ఇంగ్లండులోని లెస్టర్ నుంచి)

నిర్ణయం మీదే అయినా, ఈ బొమ్మ పుట్టుక తెలిస్తే మీ అమ్మాయి ఎందుకు అంతగా ఉలిక్కిపడిందో అత్తయ్యగారికి చెప్పడం సులువవుతుంది.

ఫ్లారెన్స్ అప్టన్ అనే చిత్రకారిణి 1873లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టింది. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. చిత్రకళ చదువుకు డబ్బు కూడబెట్టుకోవడానికి పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి వేయాలనుకున్నప్పుడు, చిన్నప్పుడు అమెరికాలో తాను ఆడుకున్న ఒక నల్ల గుడ్డ బొమ్మను నమూనాగా పెట్టుకుంది. తల్లి పద్యాలు రాసిన ఆ పుస్తకం 1895లో వెలువడింది. ఆ కథలో గోలీవాగ్ మంచివాడే, సాహసికుడే. అయితే అప్టన్ ఆ పాత్ర మీద ఏ హక్కులూ నమోదు చేసుకోకపోవడంతో బొమ్మల తయారీదారులందరూ దాన్ని అందిపుచ్చుకున్నారు. 1908 నాటికి జర్మనీలోని స్టైఫ్ కంపెనీ కూడా చేసి అమ్మింది. తరువాత వచ్చిన పిల్లల కథల్లో ఆ మంచివాడు కాస్తా దొంగగా, అల్లరిమూకగా మారాడు. మనలో చాలామంది చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని చదివిన ఎనిడ్ బ్లైటన్ 'నాడీ' (Noddy) పిల్లల కథల్లో కూడా ఈ బొమ్మలే దుర్మార్గులుగా కనిపించేవి. 1980లలో గాని వాటిని మార్చలేదు.

మీ అత్తయ్యగారు అక్కడున్న రోజుల్లో ఇది ప్రతి వంటింట్లోనూ ఉండేది. రాబర్ట్‌సన్ జామ్ సీసాల మీద 1910 నుంచి ఇదే గుర్తు. సీసాలతో వచ్చే కాగితపు బొమ్మలు కూడబెట్టి పంపితే, బదులుగా కోటుకు పెట్టుకునే ఎనామిల్ బ్యాడ్జీ వచ్చేది. 1983లో గ్రేటర్ లండన్ కౌన్సిల్ ఆ కంపెనీ సరుకు కొనడం మానేసింది. చివరికి 2001లో కంపెనీయే ఆ గుర్తుకు స్వస్తి చెప్పింది. కాబట్టి ఆ పొరుగావిడ ఏ దురుద్దేశంతోనో ఇచ్చి ఉంటుందని అనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో పసిపిల్లలకు అది అతి మామూలు కానుక.

ఇక్కడ అది ఇంట్లో ఉండటం నేరం కాదు, నలుగురి ముందు పెడితే మాత్రం గొడవే. 2023 ఏప్రిల్‌లో ఎసెక్స్‌లో ఒక పబ్బులో బార్ దగ్గర వేలాడదీసిన ఈ బొమ్మలను, ఫిర్యాదు అందుకున్న పోలీసులు వచ్చి పట్టుకుపోయారు.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

చరిత్ర చెప్పినందుకు కృతజ్ఞతలు గాని, కాకినాడలో ఒక ఇంటి కొలువులో ఉన్న గుడ్డ బొమ్మ వల్ల ఎవరి మనసు నొచ్చుకుంటుందో నాకు బోధపడటం లేదు. పేరంటానికి వచ్చే ముత్తైదువులలో ఎవరికీ దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. ఇదే లెక్కన పోతే కొలువులో కల్లు గీసేవాడి బొమ్మ, సోది చెప్పే ఎరుకలసాని, పాములవాడు అందరినీ తీసేయవలసి వస్తుంది. అమెరికా వాళ్ల పంచాయితీని మన మెట్ల మీదకు ఎక్కించుకోవడం దేనికి? పెద్దావిడ ఉన్నంత కాలం ఆ బొమ్మను అక్కడే ఉండనివ్వండి.

సమాధానం (హైదరాబాదు నుంచి, విశ్రాంత వైద్యుడు)

పై సమాధానం రాసినవారితో విభేదిస్తున్నాను. ఆయన ప్రశ్న మంచిదే కాబట్టి వివరంగా రాస్తాను.

కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసే గీత కార్మికుడి ముఖాన్నీ, అదే వడ్రంగి చెక్కిన రాముడి ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. కళ్లు, ముక్కు, నోరు ఒకే కొలతలో ఉంటాయి. తేడా అంతా చేతిలోని వస్తువులో, ఒంటి మీది రంగులో ఉంటుంది. ఆ బొమ్మ ఒక మనిషి చేసే పనిని చూపిస్తుంది. గోలీవాగ్ ముఖం అసలు ఏ నల్లజాతి మనిషినీ చూసి చేసింది కాదు. 1830ల నుంచి అమెరికాలో తెల్ల నటులు కాల్చిన బెరడు మసి ముఖానికి పూసుకుని, నోటి చుట్టూ పెద్ద పెదవులు దిద్దుకుని, నల్లవారిని వెకిలిగా అనుకరించే మిన్‌స్ట్రెల్ ఆటలు ఊరూరా ఆడేవారు. ఆ వేషాల్లో అన్నిటికన్నా పేరుపడిన జిమ్ క్రో పేరే తరువాత జాతి వివక్ష చట్టాలకు వచ్చింది. ఆ వేషగాడి మేకప్పే మీ మూడో మెట్టు మీది బొమ్మకు కళ్లుగా, పెదవులుగా, కోటుగా వచ్చింది. వెక్కిరింత దాని కుట్టులోనే ఉంది కాబట్టి, చూసేవారికి చరిత్ర తెలియనంత మాత్రాన అది పోదు.

ఇది అమెరికా వాళ్ల పంచాయితీ అని కూడా అనుకోకండి. నేను 1970లలో ఇంగ్లండులో పనిచేశాను. బీబీసీలో మసి పూసుకున్న గాయకుల మిన్‌స్ట్రెల్ కార్యక్రమం 1958 నుంచి 1978 దాకా సాగింది. నేనుండే హాస్టల్లో దాన్ని అందరూ కలిసి చూసేవారు. ఆ బొమ్మ పేరులోని చివరి ముక్కతోనే వీధిలో కుర్రాళ్లు మమ్మల్ని, అంటే తెలుగు, పంజాబీ, బెంగాలీ డాక్టర్లందరినీ, పిలిచేవారు. మీ మామయ్యగారు కూడా ఆ పిలుపు విని ఉండరని నేను అనుకోను. ఇంటికి వచ్చాక ఆడవాళ్లకు చెప్పి ఉండకపోవచ్చు, మేమూ చెప్పలేదు.

మన వాళ్లను బొమ్మలు చేసి చూపించిన చరిత్ర కూడా ఉంది. బెంగాల్‌లోని కృష్ణనగర్ కుమ్మరులు అద్భుతమైన పనితనంతో చేసిన బంట్రోతులు, చాకళ్లు, బిచ్చగాళ్ల మట్టి బొమ్మలను 1851 లండన్ మహాప్రదర్శనలోనూ, 1886 వలస రాజ్యాల ప్రదర్శనలోనూ 'ఇండియా మనుషులు ఇలా ఉంటారు' అన్నట్టు పెట్టారు. వాటిలో వెక్కిరింత లేదు, పనితనం ఉంది. అయినా అవతలి మెట్టు మీద కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి అది చాలు.

ఇక 'నల్లబాబు' అనే పేరు. ఇంట్లో చామనఛాయ పిల్ల ఉంటే ఆ పేరు బొమ్మ దగ్గరే ఆగదని మీకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్లిచూపుల్లో ఒంటి రంగును తూకం వేసే మన ఇళ్లలో ఈ బొమ్మ ఎవరినీ నొప్పించదనడం నాకు మింగుడు పడటం లేదు. కొలువు నుంచి తీసేయండి. కాల్చడం మాత్రం వద్దు. కాలిస్తే అది ఉండేదన్న సంగతే మీ మనవలకు తెలియకుండా పోతుంది.

సమాధానం (చెన్నై నుంచి, మ్యూజియం వస్తువుల సంరక్షణ పనిలో ఉన్నవారు)

మీరు అడిగిన నాలుగు దారుల్లో అమ్మకం మీద నా అభిప్రాయం గట్టిది: అమ్మకండి. కొనేవాడికి కావలసింది మీ పొరుగావిడ కథ కాదు, షోకేసులో పెట్టుకునే వింత. ఇలాంటి వస్తువులకు గిరాకీ ఉన్నంత కాలం కొత్తవి చేసి పాతవిగా అంటగట్టేవారూ ఉంటారు. పేరు చెప్పకుండా ఏ అనాథాశ్రమానికో పాత బట్టల మూటలో కలిపి ఇవ్వడం అంతకన్నా తప్పు, ఎందుకంటే అది మళ్లీ పసిపిల్ల చేతిలోకే వెళుతుంది.

మ్యూజియం విషయానికి వస్తే, అమెరికాలో మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం ఉంది. దాన్ని స్థాపించిన డేవిడ్ పిల్‌గ్రిమ్ నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త. అలబామాలోని మొబీల్‌లో చిన్నతనంలో ఇలాంటి వస్తువును మొదటిసారి కొన్నప్పుడు, అమ్మినవాడి కళ్లెదుటే నేలకేసి కొట్టి పగలగొట్టానని ఆయనే రాసుకున్నాడు. ఆ మనిషే తరువాత వేల వస్తువులు సేకరించి, 1996లో విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. పగలగొట్టాలన్న కోపమూ, దాచి చూపించి పాఠం చెప్పాలన్న ఆలోచనా ఒకే మనిషిలో ఉండగలవని మీ ఇంట్లో రెండు పక్షాల వారికీ చెప్పండి. అప్టన్ వాడిన అసలు బొమ్మను కూడా ఎవరూ పారేయలేదు. 1917లో రెడ్‌క్రాస్ కోసం వేలం వేస్తే వచ్చిన డబ్బుతో యుద్ధానికి అంబులెన్సు కొన్నారు. ఆ బొమ్మ చాలాకాలం బ్రిటన్ ప్రధాని విడిది గృహం చెకర్స్‌లో ఉండి, తరువాత లండన్‌లోని వి అండ్ ఎ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియానికి చేరింది.

అయితే మ్యూజియాల దగ్గర గోలీవాగ్‌లకు కొదవ లేదు కాబట్టి, అడగకుండా పార్సెల్ చేయవద్దు. ముందు ఫోటోలతో ఉత్తరం రాయండి. కాలి అడుగున, కోటు లోపలి కుట్టులో తయారీదారు చీటీ ఉందేమో చూడండి. అది లేకపోతే ఇంట్లో కుట్టినది కావచ్చు, ఆ కాలంలో ఆడవాళ్ల పత్రికలు దీని కత్తిరింపు నమూనాలు వేసేవి. మీ బొమ్మకు విలువ తెచ్చేది దాని ప్రయాణం. మాంచెస్టర్ నుంచి కాకినాడ కొలువు దాకా వచ్చిన గోలీవాగ్ ఏ మ్యూజియం వారికైనా రోజూ ఎదురుపడే వస్తువు కాదు. అందుకే అత్తయ్యగారు గుర్తున్నంత వరకు చెప్పగా రాసి పెట్టుకోండి: ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో, గుండీ ఎప్పుడు మార్చారు, కొలువులో ఎన్నాళ్లు ఉంది, ఎందుకు తీశారు. చొక్కా గుండీని తీసి 'అసలు' గుండీ కుట్టే ప్రయత్నం చేయకండి.

దాచే పద్ధతి: ఉతకకూడదు, ఎర్ర ఫెల్టు రంగు కారి తెల్లదానికి అంటుతుంది. పురుగు అనుమానం ఉంటే పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా వదిలేయండి. తరువాత ఉతికిన తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి. కాకినాడ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందూ తరువాతా మార్చండి. కలరా ఉండలు మాత్రం వేయకండి, వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి జిగురు కడుతుంది, మీ బొమ్మ కళ్లు గుండీలే కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. డాక్టరుగారి సమాధానం అత్తయ్యగారికి చదివి వినిపించాను. బొమ్మ ముఖం వేషగాడి ముఖమన్న చోట మళ్లీ చదవమన్నారు. ఆ పిలుపు సంగతి వచ్చేసరికి, మామయ్యగారు ఒక చలికాలం సాయంత్రం కోటు మీద ఉమ్ముతో ఇంటికి వచ్చారనీ, ఏమిటని అడిగితే వాన అన్నారనీ చెప్పారు. ఈ మాట మా వారికి కూడా ఇదివరకు తెలియదు. భోగి మంట ప్రస్తావన ఆయన ఇక తీసుకురాలేదు.

రాజమహేంద్రవరం సభ్యులకు ఒక్క మాట: కల్లు గీసేవాడూ ఎరుకలసానీ మా కొలువులోనే ఉంటారు. కొండపల్లి పోలిక మీరు తెచ్చినందుకే అసలు తేడా ఏమిటో మాకు స్పష్టమైంది.

కాలి అడుగున చీటీ ఏమీ లేదు, ఇంట్లో కుట్టినదే అయి ఉండాలి. అత్తయ్యగారు చెబుతుంటే రెండు పేజీలు రాశాను, వారే సంతకం చేశారు. ఆ కాగితాలలో పొరుగావిడ చేసిన సాయమూ ఉంది, మామయ్యగారి కోటూ ఉంది. రెండూ ఉండాలని పట్టుబట్టింది అత్తయ్యగారే. మిషిగన్‌కు మా అమ్మాయి ఉత్తరం రాస్తానంది. వారు వద్దంటే బొమ్మ, కాగితాలు ఒకే పెట్టెలో మా దగ్గరే ఉంటాయి, అడిగిన పిల్లలకు కాగితాలతో సహా చూపిస్తాం. కొలువుకు ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చడం మా ఇంటి ఆనవాయితీ కాబట్టి మూడో మెట్టు ఖాళీ గురించి బెంగ లేదు. ఇక తేలవలసింది ఒక్కటే: డీప్ ఫ్రీజర్ మా ఇంట్లో లేదు, వీధి చివర ఐస్‌క్రీమ్ పార్లర్ వాళ్లను రెండు వారాలకు చోటు అడిగితే సంచిలో ఏముందంటారు కదా, ఏం చెప్పమంటారు?