ప్రవరుడి ‘క్రొవ్వున’: గర్వమా, తెగువా?

పద్యప్రియ: పెద్దన మనుచరిత్రలో, హిమాలయం మీద దారి తప్పిన ప్రవరుడు వరూధినిని దారి అడిగే ‘ఎవ్వతె వీవు’ పద్యం మూడో పాదం ‘క్రొవ్వున’ అనేనా, ‘కోర్కిని’ అనా? ‘నిన్నగాగ్రమునకుం జనుదెంచి’ నుంచే గుర్తుంది. పాదలేపం, అంటే కాళ్లకు పూసుకుంటే ఎంత దూరమైనా ఇట్టే చేర్చే మందు, ప్రవరుణ్ణి ఏం చేసిందో తేలేది ఆ మాటలోనే.

గణయతి: ‘కోర్కిని’ ప్రాస దగ్గరే పోయింది. ఎవ్వతె, ఇవ్వన, ఎవ్విధి: రెండో అక్షరం ‘వ్వ’ కావాలి. పోనీ ‘నవ్వున’ అందామా, ఉత్పలమాలకు యతి పదో అక్షరం, అక్కడున్నది ‘కుం’, ‘న’తో కలవదు. క్రొవ్వునే.

పద్యప్రియ: పాఠం సరే, అర్థం?

వరణాతీరం: గర్వమే. కాళ్లకు మందు పడగానే హిమాలయానికి బయల్దేరాడు. మంచుకు ఆగుతుందా అని మందిచ్చిన సిద్ధుణ్ణి అడిగిన జాడ లేదు. అరికాలి పూత మంచులో నడిస్తే కరగదా? కరిగాక మళ్లీ రాసుకోవడానికి చేతిలో చిటికెడు కూడా లేదు. ఇంకేమంటారు దాన్ని?

కందపద్యం: తొందర అంటారు. ‘తీర్థసంవాసు లేతెంచినారని విన్న నెదురుగా నేఁగు’ మనిషి ఆయన, తీర్థాలు తిరిగినవాళ్లొచ్చారంటే ఎదురెళ్లేవాడు. ‘ఆ మందిడి యతఁ డరిగిన’ కందం చివర ‘నిరీక్షాపేక్షన్’, చూడాలన్న కోరికతో, అన్నాడు పెద్దన. ఆ అపేక్ష లేపం పుట్టించింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. లేపం దూరాన్ని మాత్రం చెరిపేసింది. ‘క్రొవ్వున’ అనడం తెగించి వచ్చినందుకు తన్ను తాను తిట్టుకోవడం.

వరణాతీరం: విష్ణుపురాణంలో శమంతకమణి చూడండి. శుచిగా ధరిస్తే రోజూ బంగారం, అశుచిగా ధరిస్తే చావు. ప్రసేనుడు సింహం నోట పడింది అందుకే. అక్కడ మణే కాపలా కాస్తుంది. లేపం ఏ నియమమూ పెట్టదు, కాబట్టి హద్దు మనిషే పెట్టుకోవాలి. పెట్టుకోలేదు, అదే క్రొవ్వు.

గణయతి: అంతకన్నా పదునైన మాట వరూధిని అంటుంది: ‘నీవెఱుఁగవే మును వచ్చిన త్రోవచొప్పు’. చొప్పు అంటే అడుగుజాడ. లేపం బలంతో వచ్చినవాడికి జాడ ఎక్కడిది!

కందపద్యం: అక్కడ చొప్పు అంటే ‘విధం’ అని కూడా చెప్పొచ్చు. పైగా లేపం సంగతి ఆమెకు తెలియదు. ‘త్రోవ దప్పితిన్’ అన్నాడే గానీ మందు కరిగిందని ఆ పద్యంలో చెప్పలేదు.

గణయతి: తెలియకుండానే సరిగ్గా అక్కడ పొడిచింది. ‘విధం’ అంటే ఆ పోటు పోతుంది, నేనొప్పుకోను.