చెరువు పక్కన ఎస్టీపీ కడుతున్నారు, వద్దనాలా సరేననాలా?

చెరువుగట్టు:
మాది చిన్న మున్సిపాలిటీ. ఇళ్ళ మురుగంతా రెండు కాల్వల్లో వచ్చి చెరువులో పడుతుంది. ఇప్పుడు గట్టు దిగువన మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) కడతామంటున్నారు. వాసనొస్తుందని మా వీధిలో సగం మంది వద్దంటున్నారు. మీ ఊళ్ళో ఉంటే చెప్పండి.

రొయ్యలరాజు:
వాసన సంగతి తర్వాత. మాది భీమవరం వైపు, చెరువులే బతుకు. తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరిస్తే చాలు, ఆక్సిజన్ పడిపోయిందని అర్థం. పరిగెత్తి ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) వేస్తాం. మురుగు చేరితే మీ చెరువుకీ అదే గతి. మలినాన్ని తినే బ్యాక్టీరియా నీళ్ళలో ఉన్న ఆక్సిజనంతా లాగేస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే బొచ్చె, శీలావతి చేపలు ఇబ్బంది పడతాయి. ఆ తినేదేదో చెరువులో కాకుండా ట్యాంకులోనే తినిపించడం ఎస్టీపీ పని.

బ్లోయర్‌బాబు:
రాజుగారు సగం పాఠం చెప్పేశారు. నేను ఎస్టీపీ ఆపరేటర్ని. ముందు జల్లెడ: గుడ్డలు, డైపర్లు, షాంపూ ప్యాకెట్లు (రోజూ బుట్టలకొద్దీ, నమ్మరు). తర్వాత ఇసుక తీస్తాం. ఆపైన గాలి ట్యాంకు. బ్లోయర్ గాలికి బ్యాక్టీరియా మలినం తిని ముద్దకడుతుంది, ముద్ద అడుక్కి దిగుతుంది, పైన తేటనీరు. దానికి క్లోరిన్ వేసి వదులుతాం. లోపలికొచ్చే నీటి బీఓడీ (మలినం తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాముల పైమాటే, మేం 10 లోపుకి తేవాలి.
రోజూ గాలి ట్యాంకు నీళ్ళు లీటరు గాజు సిలిండర్లో పోసి అరగంట చూస్తాను. బురద గోధుమరంగులో చక్కగా దిగితే ఆ రోజు నిశ్చింత. నల్లబడిందా, గాలి చాల్లేదన్నమాట. వాసన కూడా అప్పుడే. బాగా నడిచే ట్యాంకు దగ్గర తడిమట్టి వాసనే వస్తుంది. కరెంటు పోయి జనరేటర్లో డీజిల్ లేకపోతే మాత్రం వీధి జనం గేటు దగ్గరుంటారు.

పడమటివీధి:
మా ఊళ్ళో కట్టి మూడేళ్ళు. ఇళ్ళకు కనెక్షన్లు ఇవ్వలేదు. ప్లాంటు ఖాళీ, కాల్వ నిండుగా చెరువులోకి. గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తున్నాయి.

బ్లోయర్‌బాబు:
గుర్రపుడెక్కకు నైట్రోజన్, ఫాస్పరస్ తిండి. బీఓడీ ఒక్కటే తగ్గిస్తే అది పోదు. ఆ రెండూ తీసే ఏర్పాటు డిజైన్లో ఉందా అని అడగండి.

ట్యాంకర్‌శీను:
దాచేదేముంది, సెప్టిక్ ట్యాంకులు తోడి రాత్రిపూట ఊరి బయట కాల్వలో వదిలినవాణ్ణే. పోయడానికి చోటేది మరి?

బెంగళూరుబావ:
ఇక్కడ దేవనహళ్ళిలో 2015లో అందుకే కట్టారు. భూగర్భ డ్రైనేజీ లేని ఊరు. రోజుకు 6,000 లీటర్ల సెప్టిక్ మురుగు శుద్ధి చేసేలా కట్టిన ప్లాంటు. ఎండిన బురద ఎరువు కింద పొలాలకు పోతుంది.

చెరువుగట్టు:
రేపు వార్డు మీటింగు. వద్దని అనం. ఎన్ని ఇళ్ళు కలుపుతారు, జనరేటర్ ఉందా, గుర్రపుడెక్క సంగతేంటి అని అడుగుతాం. శీనన్నా, మా ట్యాంకర్ల వాళ్ళనీ తీసుకెళ్ళనా?

ట్యాంకర్‌శీను:
తీసుకెళ్ళు తమ్ముడూ. గేటు ఎన్నింటికి మూస్తారో కూడా అడగమను. ఆరింటికే తాళమేస్తే మావాళ్ళు మళ్ళీ కాల్వకే పోతారు.