ఆంధ్రా వదిలి బెంగళూరులో స్థిరపడితే రాజకీయంగా స్వేచ్ఛ పెరుగుతుందా?

పెన్నాగట్టు:
సూటిగా అడుగుతున్నా. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి బెంగళూరు వచ్చినవాళ్ళంతా ఉద్యోగం కోసమే రాలేదు. నోరు విప్పి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో ఏ ఇల్లు ఏ పార్టీదో పాలు పోసే మనిషికి కూడా తెలుసు. 2019లో యాభై ఇళ్ళకొక వాలంటీరు వచ్చాక ఆ లెక్క ఇంకా గట్టిపడింది. 2023 జనవరిలో జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలు వద్దన్నారు, మేలో హైకోర్టు కొట్టేసింది. 2024లో ప్రభుత్వం మారింది. పోస్టు పెడితే కేసు పెట్టే పద్ధతి మాత్రం మారలేదు. కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లి టోల్‌గేటు ఇవతల మనం ఎవరమో ఎవరికీ పట్టదు. ఇంటిల్లిపాదీ వచ్చేయడమే మేలని నా వాదన. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

ఎర్రమట్టి:
కేసు టోల్‌గేటు దగ్గర ఆగదు. మీరు మారతహళ్ళిలో కూర్చుని రాసినా, దాని ఫలితం కడపలో కనబడిందంటే కడప స్టేషన్లోనే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. రాత్రి భోంచేసి బయల్దేరిన జీపు తెల్లారేసరికి మీ అపార్ట్‌మెంటు గేటు ముందుంటుంది.

సర్జాపుర_సుబ్బు:
పాయింటే.

ఫారం8:
ఎర్రమట్టి గారు సగం చెప్పి ఆపారు. జీపు వస్తుంది, కానీ వచ్చి ఏం చెయ్యొచ్చో చట్టంలో రాసి ఉంది. ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరమైతే మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. పాత సీఆర్పీసీలో 41ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 35(3). ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి చేతికి కాగితం రావాలి. వచ్చిందంటే చెప్పిన రోజు వెళ్ళాలి, వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్షలున్న కేసుల్లో, అది మాటకో రాతకో సంబంధించినదైతే, ఎఫ్ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ జరపడమే సరైనదని 2025 మార్చిలో ఇంకో తీర్పు వచ్చింది.

అసలు చిక్కు అరెస్టు దగ్గరుంది. ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలని అందరికీ తెలుసు. ప్రయాణ సమయం ఆ ఇరవై నాలుగులో కలవదని చాలామందికి తెలియదు. ఢిల్లీకి తీసుకెళ్ళాలంటే ఇక్కడి కోర్టులో ట్రాన్సిట్ రిమాండ్, అంటే వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళే అనుమతి, తీసుకుంటారు. కడప కొన్ని గంటల దారి, అందుకని బెంగళూరు కోర్టు మెట్లు ఎక్కించకుండానే బండెక్కించుకుపోతారు. కాబట్టి దగ్గరి రాష్ట్రానికి రావడం వల్ల ఈ రక్షణ ఒకటి పల్చబడుతుంది. మొదట ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది ఏ స్టేషన్, ఏ క్రైమ్ నంబరు, ఎవరు తీసుకెళ్తున్నారు అని అడిగి రాసుకోవడం. అరెస్టు సంగతి బంధువుకో స్నేహితుడికో చెప్పడం పోలీసుల బాధ్యత.

బెంగళూరు అడ్రసు నిజంగా పనికొచ్చేది ఒక్కచోట. వేరే రాష్ట్రంలో ఎఫ్ఐఆర్ ఉన్నా, ఇక్కడి సెషన్స్ కోర్టు గానీ హైకోర్టు గానీ కొద్దికాలానికి ముందస్తు బెయిలు ఇవ్వొచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసూ బెంగళూరు కోర్టు నుంచి వెళ్ళిందే. అయితే మీరు ఇక్కడే ఉంటున్నట్టు చూపాలి, అక్కడి కోర్టుకు వెంటనే ఎందుకు వెళ్ళలేరో చెప్పాలి, అక్కడి దర్యాప్తు అధికారికి నోటీసు వెళ్ళాలి. బెయిలు కోసమే బస్సెక్కి వచ్చినవాడికి ఇవ్వరు.

ఇప్పుడు నా ప్రశ్న. పెన్నాగట్టు గారూ, మీ ఓటు ఎక్కడుంది?

పెన్నాగట్టు:
ఊళ్ళోనే. దానికీ దీనికీ ఏం సంబంధం? సొంతిల్లు ఉంది, పొలం ఉంది.

ఫారం8:
ఇల్లు ఉన్నంతమాత్రాన అక్కడ ఓటరు కారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20 మొదటి వాక్యమే అది. సాధారణంగా నివసించేది ఎక్కడన్నదే లెక్క.

పెన్నాగట్టు:
అదే సెక్షన్లో తాత్కాలికంగా ఊరు వదిలితే ఓటు పోదని కూడా ఉంది. పండక్కి వెళ్తాం, కోతలకు వెళ్తాం.

ఫారం8:
ఇంటిల్లిపాదీ స్థిరపడిపోవాలని మొదటి పోస్టులో రాసింది మీరే. స్థిరపడ్డం తాత్కాలికం ఎలా అవుతుంది?

మడివాళ_మల్లి:
అమెరికా పోయి ఇండియా పాస్‌పోర్టు ఉంచుకున్నవాళ్ళకి ఊళ్ళో ఓటు ఉంచారు, ఫారం 6ఏ. పక్క రాష్ట్రం పోయినవాళ్ళకి ఉంచరు. ఇదెక్కడి న్యాయం?

ఫారం8:
మల్లి గారూ, న్యాయం కాదు. 2010లో చట్టం సవరించి వాళ్ళకిచ్చారు. దేశంలోపల వలస వెళ్ళినవాళ్ళు ఉన్నచోటి నుంచే ఊరి ఓటు వేసేలా ఒక యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిచి చూపించబోయింది. ఒక్క యంత్రంలో 72 నియోజకవర్గాల దాకా. పార్టీలు ఒప్పుకోలేదు, అక్కడే ఆగింది.

పెన్నాగట్టు:
సరే, ఓటు ఇక్కడికి మార్చుకుంటే ఏమొస్తుంది?

ఫారం8:
ముందు ఎలా మార్చుకోవాలో చెప్తాను, తప్పులన్నీ అక్కడే జరుగుతున్నాయి. 2022 ఆగస్టు నుంచి ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్ళకి మాత్రమే. ఇల్లు మారినవాళ్ళు, రాష్ట్రం మారినా సరే, ఫారం 8 నింపాలి. తొందరపడి ఫారం 6 నింపితే నాకు ఇంకెక్కడా ఓటు లేదని అబద్ధపు సంతకం చేసినట్టవుతుంది. అదే 1950 చట్టం సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండు చోట్ల పేరుండటం సెక్షన్ 17కే విరుద్ధం. 2024లో బెంగళూరులో ఏప్రిల్ 26న, ఆంధ్రాలో మే 13న పోలింగ్ జరిగింది. మధ్యలో పదిహేడు రోజులు. రెండు చోట్లా వెయ్యొచ్చులే అనుకుంటే అది నేరం.

అడ్రసు రుజువు దగ్గర అద్దెకున్నవాళ్ళు ఇరుక్కుంటారు. నోటరీ చేయించిన పదకొండు నెలల అగ్రిమెంటు పనికిరాదు, రిజిస్టరు అయిన లీజు అడుగుతారు. కరెంటు బిల్లు ఓనరు పేరున ఉంటుంది. కాబట్టి ముందు ఆధార్లోనో బ్యాంకు పాస్‌బుక్కులోనో అడ్రసు మార్పించి, అది పెట్టి ఫారం 8 వెయ్యండి. బీఎల్ఓ, అంటే బూతు స్థాయి ఎన్నికల అధికారి, ఇంటికి వచ్చినప్పుడు తలుపు తాళం ఉంటే దరఖాస్తు తిరస్కరించే ప్రమాదముంది. పీజీలో ఉండేవాళ్ళు వార్డెనుకు ముందే పేరు చెప్పి ఉంచాలి.

కోలారు_మాట:
నేను కర్ణాటక తెలుగువాణ్ణి. ఇంతసేపూ కడప పోలీసు, ఆంధ్రా జీవో తప్ప బెంగళూరు సంగతి ఒక్కరూ మాట్లాడలేదు. ఇక్కడ స్వేచ్ఛ ఎంతుందో ఎవరైనా చూశారా? 2021 నాటి పోలీసు ఆర్డరు ప్రకారం ఈ నగరంలో నిరసన తెలపాలంటే ఫ్రీడమ్ పార్కులోనే, అదీ ముందుగా అనుమతి తీసుకుని. ఎమర్జెన్సీలో వాజ్‌పేయిని, అద్వానీని పెట్టిన సెంట్రల్ జైలు స్థలమది. 2019 డిసెంబరులో నగరమంతా 144 పెట్టారు, రెండు నెలల తర్వాత అది చట్టవిరుద్ధమని హైకోర్టు చెప్పింది. మీ జీవో 1 కథే ఇక్కడా. తప్పుడు సమాచారమంటూ ఏడేళ్ళ దాకా జైలు రాసిన బిల్లు ముసాయిదా 2025లో ఇక్కడే బయటికొచ్చింది. కార్పొరేషన్ ఎన్నిక చివరిసారి జరిగింది 2015లో. 2020 సెప్టెంబరులో పాలకమండలి గడువు అయిపోయాక ఏళ్ళ తరబడి కార్పొరేటరే లేడు. చెత్త గురించి అడగాలన్నా ఆఫీసర్నే అడగాలి. ఊళ్ళో కనీసం సర్పంచి ఇంటి ముందు నిలబడి అరవొచ్చు.

పెన్నాగట్టు:
కానీ ఇక్కడ అరిస్తే మా ఇంటి నీళ్ళ కనెక్షన్ మీద పడదు. తేడా అదే.

ఎర్రమట్టి:
పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. కర్ణాటక సీఈటీ ప్రవేశ పరీక్షలో మామూలు నిబంధన ప్రకారం ఒకటి నుంచి ద్వితీయ పీయూసీ (ఇంటరు రెండో ఏడు) దాకా మొత్తం ఏడేళ్ళు ఇక్కడ చదివుండాలి. ఎనిమిదిలో తీసుకొచ్చి చేర్పిస్తే అయ్యేది ఐదేళ్ళే. ఆంధ్రాలో రాజ్యాంగం 371డి అధికరణం కింద స్థానికత రావాలంటే ఇంటరుతో ముగిసే నాలుగేళ్ళు వరసగా అక్కడ చదవాలి. అదీ పోతుంది. ఆరో తరగతిలోపు తేగలిగితే తేవాలి, లేదంటే ఇంటరు అయ్యేదాకా ఆగాలి. నడిమధ్యలో తెచ్చి, స్వేచ్ఛ కోసం తెచ్చానంటే ఆ పిల్లకు ఏం చెప్తారు?

ఇంకోటి కులం సర్టిఫికెట్. బోయవాళ్ళు కర్ణాటకలో ఎస్టీ, ఆంధ్రాలో మైదాన ప్రాంతమైతే బీసీ. ఇక్కడికొస్తే ఎస్టీ అవుతామని కొందరు అనుకుంటున్నారు. కాదు. ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్ళినవాళ్ళ వెంట రాదని 1990లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆంధ్రా మాల, మాదిగలకూ అంతే. కర్ణాటక రాష్ట్ర ఉద్యోగంలో జనరల్ కిందే పోటీ.

మడివాళ_మల్లి:
కర్ణాటక లోకల్ ఉద్యోగాల బిల్లు కూడా చూసుకోండి. 2024 జులైలో క్యాబినెట్ ఒప్పుకుని, గోలయ్యాక పక్కన పెట్టారు.

కోలారు_మాట:
ఆ బిల్లు గురించి ఆంధ్రావాళ్ళు గొంతెత్తేముందు ఒకటి గుర్తుంచుకోండి. దేశంలో ముందుగా 75 శాతం ఉద్యోగాలు లోకల్‌వాళ్ళకే అని చట్టం చేసింది 2019లో ఆంధ్రా అసెంబ్లీనే.

పెన్నాగట్టు:
అన్నీ పత్రాల లెక్కలే. నేనడిగింది మనిషి భయం లేకుండా ఉండగలడా అని.

ఎర్రమట్టి:
ఎవరి భయం? మీ ఒక్కరి భయమా? మీరు ఇక్కడ ఏసీ గదిలో రాస్తారు. దాని గురించి మాట వినేది ఊళ్ళో ఒకటో తారీఖున పింఛను కోసం గడపలో కూర్చున్న ముసలావిడ. రేషను బియ్యమైనా కేంద్ర ఆహార భద్రత కార్డుంటే ఇక్కడ తీసుకోవచ్చు. పింఛను రాష్ట్రం దాటి రాదు. ఉపాధి హామీ కార్డు ఆ పంచాయతీదే. ఊరు మీద ఆధారపడిన ప్రతి కాగితం అక్కడే ఉంది, దాన్ని పట్టుకుని నిలబడ్డవాళ్ళు అక్కడే ఉన్నారు. మీరు తెచ్చుకున్న స్వేచ్ఛకు అద్దె వాళ్ళు కడుతున్నారు.

పెన్నాగట్టు:
మాటలు జాగ్రత్తగా రాయండి ఎర్రమట్టీ. మా ఇంట్లో ఎవరు ఏం కడుతున్నారో నీకు తెలీదు.

ఎర్రమట్టి:
తెలుసు కాబట్టే రాస్తున్నా. మా ఇంట్లో జరిగిందే చెప్తున్నా, ఇంతకంటే వివరం ఇక్కడ పెట్టను.

సర్జాపుర_సుబ్బు:
ఇద్దరూ కాస్త నిదానించండి అన్నా.

కోలారు_మాట:
వద్దు, మాట్లాడనివ్వండి. ఇప్పుడే అసలు మాట బయటికొచ్చింది. పెన్నాగట్టు అన్నా, మీరు కోరేది ఎవరికీ తెలియకుండా ఉండటం. అది కూడా అవసరమే, నేను తప్పుపట్టను. కానీ దాన్ని రాజకీయ స్వేచ్ఛ అనకండి. మీ ఓటు ఊళ్ళో ఉంది, వెయ్యడానికి ఐదేళ్ళకోసారి వెళ్తారు. ఇక్కడ మీ వార్డు ఏదో మీకు తెలీదు. బెంగళూరులోని మహదేవపుర ఓటర్ల జాబితా మీద 2025 ఆగస్టులో దేశమంతా గొడవైంది, అక్కడ కాపురముంటున్న తెలుగువాళ్ళలో ఎంతమంది వాళ్ళ బూతు జాబితా తీసి చూసుకున్నారు? బాగేపల్లిలో తెలుగు మాట్లాడే జనమే సీపీఎం తరఫున శ్రీరామరెడ్డిని 1994లో, 2004లో అసెంబ్లీకి పంపారు. కన్నడ రాజ్యంలో తెలుగువాళ్ళు రాజకీయం చెయ్యలేరని ఎవరూ అనలేదు. చెయ్యాలంటే ఇక్కడివాళ్ళు కావాలి, కన్నడ నేర్చుకోవాలి, వార్డు సభలో కూర్చోవాలి. మీరు అక్కడినుంచి వచ్చేశారు, ఇక్కడికి ఇంకా రాలేదు.

పెన్నాగట్టు:
ఓటు తీసేస్తే ఊరితో ఏం మిగిలింది? నేను వేసే ఆ ఒక్క ఓటు వల్లే మా వీధివాళ్ళు ఇంకా నాకు ఫోన్ చేస్తారు. అది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

ఫారం8:
అది అర్థమయ్యే మాట. లెక్క మాత్రం తెలిసి ఉండండి. ఓటు ఇక్కడికి మారిస్తే ఊళ్ళో సర్పంచికి గానీ, ఆంధ్రాలో ఏ ఎమ్మెల్యే సీటుకు గానీ నిలబడలేరు, అక్కడి జాబితాలో పేరుండాలి. లోక్‌సభకు మాత్రం దేశంలో ఎక్కడ ఓటున్నా సరే. మార్చకపోతే ఇంకో ప్రమాదం. మీరు ఊళ్ళో ఉండటం లేదని అవతలి పార్టీవాళ్ళు పేరు తీసెయ్యమని ఫారం 7 వెయ్యొచ్చు. వేసినంతమాత్రాన పేరు తీసెయ్యకూడదు, మీకు నోటీసిచ్చి విచారించాలి. కానీ నోటీసు వెళ్ళేది ఊరి ఇంటికి, అది తాళం వేసి ఉంటుంది. తొలగించారని తెలిస్తే పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు, అక్కడా కాదంటే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. మీరు నిజంగా అక్కడ ఉండకపోతే ఆ అప్పీలు నిలవదు.

ఎర్రమట్టి:
నేను అన్నదాంట్లో వెనక్కి తీసుకునేది లేదు. గొంతు పెంచినందుకు మాత్రం మన్నించండి.

పెన్నాగట్టు:
ఫారం8 గారూ, ఒక్కటి చెప్పండి. నాది మారిస్తే అమ్మానాన్నల పేర్లు కూడా కదులుతాయా? ఒకే ఇంటి నంబరు మీద ఉన్నాయి.

ఫారం8:
కదలవు. ఒక్కొక్కరికి వేరే ఫారం, వేరే సంతకం. మీ కార్డు నంబరు కూడా పాతదే ఉంటుంది.

ఎర్రమట్టి:
వాళ్ళవి ముట్టుకోకండి.