సివిల్‌లో ఉన్నాను, ట్రాన్స్‌పోర్టేషన్ వైపు వెళ్లాలంటే ఇప్పటి నుంచి ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. నేను బీటెక్ సివిల్ రెండో సంవత్సరం. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ మీద మనసు పడింది. కానీ మన దగ్గర అది ఎక్కువగా ఎంటెక్‌లోనే విడిగా చెబుతారు, డిగ్రీలో ఒకటి రెండు పేపర్లతో సరి. మా కాలేజీలో ఆ పేపర్ అంటే తారు పరీక్షలు, రోడ్డు మందం లెక్కలే. నాకు నచ్చేది ట్రాఫిక్, బస్సు రూట్ల ప్లానింగ్.

రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఏ వాహనాన్నైనా కార్లలోకి మార్చి లెక్కేస్తుంది. గ్రామీణ రహదారులకు ఆ లెక్కలో బస్సు అంటే మూడు కార్లు, బైక్ అంటే అర కారు. మా కూడలిలో మాత్రం షేర్ ఆటో ఎడమ వైపు ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంటే, గ్రీన్ పడినా వెనకున్న ఆర్టీసీ బస్సు కదలదు. ఆ ఆటోను ఎన్ని కార్ల కింద లెక్కేయాలి? ఇలాంటివి ఎక్కడ నేర్పుతారు?

ట్రాఫిక్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే విస్సిమ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కొనే స్తోమత లేదు. ఉచితంగా దొరికే అలాంటి సాఫ్ట్‌వేరే సుమో, మ్యాపుల పనికి క్యూజీఐఎస్, కొంచెం పైథాన్ నేర్చుకుంటే చాలా, లేక ముందు స్టాటిస్టిక్స్ గట్టిగా పట్టాలా?

ఇంకోటి. గేట్ రాసి ఎన్ఐటీ వరంగల్ లాంటి చోట ఎంటెక్ చేయడం మంచిదా, ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఢిల్లీలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ మంచిదా? ఇంట్లో అయితే "సాఫ్ట్‌వేర్ చూసుకోరా" అని ఒకటే పోరు. ఈ రంగంలో పనిచేస్తున్న అన్నలు, అక్కలు మీ రోజువారీ పని ఎలా ఉంటుందో, మొదట్లో జీతం ఎంత వస్తుందో దాచకుండా చెప్పండి, ప్లీజ్.