సముద్రం పక్కన ఇల్లు: ప్రాసెసర్‌కి ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా?

అందరికీ నమస్కారం. కొత్త పీసీకి రైజెన్ 9 7900ఎక్స్ ప్రాసెసర్ ఖాయం చేసుకున్నాను. దాని టీడీపీ (కూలర్ తీసేయాల్సిన వేడి లెక్క) 170 వాట్లు, ఫుల్ లోడ్‌లో 230 దాకా లాగుతుంది. 95 డిగ్రీల వరకు వెళ్లినా కంపెనీ లెక్కలో మామూలేనట. కానీ నావి బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండర్లు (తుది బొమ్మల తయారీ), గంటల తరబడి నడుస్తాయి.

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. గదిలో ఏసీ లేదు. మే నెల ఉక్కపోత గురించి వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఏ కూలరైనా గది గాలి కన్నా చల్లబరచలేదు కదా, మరి లిక్విడ్‌కి అంత డబ్బు పోయడం దేనికి? పైగా ఉప్పుగాలి. కిటికీ ఊచలకి ఎన్నిసార్లు రంగేసినా తుప్పే. లిక్విడ్ కూలర్ రేడియేటర్‌కుండే సన్నని అల్యూమినియం రెక్కలు దీనికి తట్టుకుంటాయా? టవర్ కూలర్ (నిలువుగా ఉండే ఎయిర్ కూలర్) రెక్కలూ అల్యూమినియమే అనుకోండి.

డాబాగార్డెన్స్‌లో షాపతను 360 ఏఐఓ (360 మి.మీ. రేడియేటర్ ఉన్న రెడీమేడ్ లిక్విడ్ కూలర్) తప్ప వేరే మాటెత్తడు. మా బావేమో, ఫ్యాన్ పోతే ఫ్యాన్ ఒక్కటే మారుస్తాం, పంపు పోతే మొత్తం కొనాలి కదరా అంటాడు. నాకూ అటే మొగ్గు.

నా కేబినెట్‌లో 160 మి.మీ. ఎత్తు కూలర్ వరకే పడుతుంది. కాబట్టి 165 మి.మీ. ఉండే నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎయిర్ కూలర్ కుదరదు. 155 మి.మీ. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ ఎయిర్ కూలర్ పెట్టి, ప్రాసెసర్‌ని ఎకో మోడ్‌లో (కరెంటు తక్కువ వాడే సెట్టింగ్) 105 వాట్ల టీడీపీకి దించితే రెండర్ టైమ్ బాగా పెరుగుతుందా? బీచ్ దగ్గర ఏఐఓ కొన్నేళ్లు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే, రేడియేటర్ ఇప్పుడెలా ఉందో చెప్తారా?