చెర్వుల నాటు చేపలు మళ్ల రావాలంటే ఏం చెయ్యాలె?

తూముకాడ_తమ్మి:

మాది సిద్దిపేట జిల్లాల ఒక ఊరు. మా మత్స్య సహకార సంఘానికి ఈ ఎండాకాలమే కొత్త పాలకవర్గం వచ్చింది, నన్ను డైరెక్టర్‌గ తీసుకున్నరు. మా తాత, మా నాయిన ఈ చెర్వు మీదనే బతికిన్రు.

సంగతేందంటే, ఇప్పుడు మా చెర్వుల బొచ్చె, రవ్వ, బంగారుతీగ తప్ప ఇంకోటి దొరుకుతలేదు. అవి గూడ సర్కారు పిల్లలు పోస్తెనే. నా చిన్నప్పుడు మా అమ్మ పరకలు ఒక దిక్కు, జెల్లలు ఒక దిక్కు, బొమ్మిడాయిలు ఒక దిక్కు గంపల సదురుకొని అంగడికి పోయేది. వలల నుంచి జెల్లను తీసుడు రాక ముల్లు గుచ్చుకుంటె చెయ్యంత సలుపుతుండె. ఇప్పుడు మా పిల్లలకు జెల్ల అంటే ఏందో తెల్వదు. కొర్రమీను ఎప్పుడన్న ఒకటి పడితే ఊరంత చూడొస్తున్నరు. వాటి జాగల జిలేబీలు మాత్రం అరచెయ్యంత కాకముందే వలనిండ పడుతున్నయి. వాటికి రేటు పలుకదు.

సంఘంల కొందరు కొర్రమీను పిల్లలు కొని పోద్దామంటున్నరు. ఇంకొందరు అది ఉంటే బొచ్చె పిల్లల్ని మింగుతది, వద్దే వద్దంటున్నరు. వచ్చే మీటింగుల తేల్చాలె. పైసలు పెట్టి కొనకుంట నాటు చేపలు వాటంతట అవే తిరిగొచ్చే ఉపాయం ఉన్నదా? చేసి చూసినోళ్లు చెప్పున్రి.

కోదాడ_గాలం:

ముందు మీ చెర్వుల ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చొరబడ్డదేమో చూసుకో తమ్మీ. మన నాటు మార్పు చేప మూరెడు దాటదు. మార్పు లెక్కనే ఉండి మూడు నాలుగు కిలోలు తూగే చేప వలల పడ్డదంటే అది మన మార్పు కాదు. దాన్ని పెంచుడు మన దేశంల నిషేధం, అయినా దొంగతనంగ గుంతలల్ల పెంచుతరు. వానలకు గుంతలు పొర్లి వాగుల కలుస్తయి. పట్టినదాన్ని తిరిగి నీళ్లల్ల ఇడువొద్దు.

మత్తడి_కాక:

తమ్మీ, నీ పోస్టు చదివినంక ఊకుండ బుద్ది కాలే. మాది జనగామ దిక్కు. మా సంఘానికి చానేండ్లు అధ్యక్షునిగ చేసిన. మా చెర్వుల పరకలు వచ్చినయి, జెల్లలు వచ్చినయి, వాటెనుక కొర్రమీను వచ్చింది. ఒక్క పిల్ల గూడ కొనలే.

బొచ్చె, రవ్వ, మెరిగ చెర్వుల గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలె. 1957 జులై 10న ఒడిశాల అంగుల్ కాడ హీరాలాల్ చౌదరి చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదితోని ఎక్కించి ఈ జాతి చేపలతోని గుడ్లు పెట్టించిండు. గా తర్వాతనే మనకు హేచరీలు వచ్చినయి, అందుకే జులై 10ని చేపల రైతుల దినమని చేస్తరు. అంటే ఏంది, ఆ చేపల్ని ఏడాదేడాది పొయ్యాలె, వేరే తొవ్వ లేదు. నాటు చేపలు గట్ల కాదు. పరక, జెల్ల, మట్టగిడస, కొర్రమీను మన చెర్వులనే, చెర్వు మీది పొలాలల్లనే గుడ్లు పెడ్తయి. వాటికి ఎండాకాలం గట్టెక్కెందుకు కొన్ని నీళ్లు కావాలె, తొలకరికి ఎదురెక్కెందుకు తొవ్వ కావాలె. ఈ రెండు మనమే గుంజుకున్నం.

ఎదురెక్కుడు సంగతి జర వివరంగ చెప్తా, అసలు పానమంత ఆడనే ఉన్నది. మృగశిర కార్తె దాటి వాగు మొదటిసారి కదిలిన రాత్రి బ్యాటరీ లైటు పట్టుకొని కాల్వ కాడికి పో. కొత్త నీళ్లు తగిలినంక పరకలు ఆగవు. చీలమండ లోతు నీళ్లున్నా సరే, పక్కకు ఒరిగి, కడుపు ఇసుకకు రాసుకుంట మీదికి పోతయి. ఒకదాన్ని చేతిల పట్టి జర ఒత్తితె గుడ్లు కారుతయి. మళ్ల నీళ్లల్ల ఏస్తె మళ్ల ఎదురే పోతది. నిండు గర్భంతోని ఉన్న ఆ చేపకు అడ్డంగ మనం మావులు (చేప జొచ్చితె బయటికి రాలేని బుట్టలు) పెడ్తం, తంగూసు వల కడ్తం. ఆ ఒక్క రాత్రి బస్తాలు నిండుతయి. ఆ బస్తాలల్ల పోయింది వచ్చే ఏడాది మన చెర్వు పంట.

"మత్తడికి అడ్డంగ జాలి తడక కట్టకపోతె చేపలు ఎల్లిపోతయి గదా" అని మా సంఘంల గూడ లొల్లి చేసిన్రు. నేను ఒక్కటే అడిగిన. సర్కారు పిల్లలు ఎప్పుడొస్తయి? ఆగస్టుల, లేకుంటే సెప్టెంబర్ల. మరి జూన్ల, జులైల చెర్వుల పోసిన పిల్లలే లేనప్పుడు జాలి ఎవలి కోసం కడ్తున్నం? పోయినేడాదివి నాలుగు బొచ్చెలు మిగిలితె మిగులుతయి, వాటి కోసం లక్షల పరకల తొవ్వ మూసుడు న్యాయమా? గప్పటి నుంచి మాది ఒకటే కట్టు. పిల్లలు పోసే రోజుదాంక కాల్వ ఖుల్లా, మత్తడి ఖుల్లా. పోసినంక మత్తడికి జాలి కట్టుకుంటం.

ఇగ ఎండాకాలం నీళ్లు. మే నెలల చెర్వు అడుగంటినంక తూము కాడ ఇంత గుంత మిగులుతది. అందరం ఏం చేస్తం? మోటరు పెట్టి తోడి, బురదల చేతులు పెట్టి ఆఖరి మట్టగిడసదాంక ఏరుకుంటం. విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టు. మా చెర్వుల మిషన్ కాకతీయ పూడిక తీసినప్పుడు ఒక జాగల లోతు పడ్డది. ఆ మడుగుల వల ఎయ్యొద్దు, మోటరు పెట్టొద్దు అని తీర్మానం రాసినం. రాసినంత మాత్రాన ఎవలు ఆగుతరు? అందుకని తుమ్మకంప కొట్టి మడుగు నిండ ముంచినం. విసురు వల ఏస్తె చినుగుతది. మునిగిన కంప సందులల్ల చేపలకు నీడ దొరికింది, కొంగల నుంచి గూడ తప్పించుకున్నయి.

పూడిక తీసినప్పుడు అంచుల పొంటి గడ్డి, జమ్ము అంత నున్నగ గీకేసిన్రు. అది నాకు ఇప్పటికీ బాధనే. కొర్రమీను గూడు గడ్డిలనే ఉంటది. లోతు తక్కువ ఉన్న కాడ గడ్డిని పక్కకు జరుపుకొని, పళ్లెమంత జాగ సాపు చేసి గుడ్లు పెడ్తది. గుడ్లు మీదనే తేలుతయి. పిల్లలైనంక ఎర్రగ ఒక్క కాడనే గుంపుగ తిరుగుతయి, గాలి కోసం మీదికొచ్చి మళ్ల మునుగుతయి. కిందనే తల్లి, తండ్రి కాపలా. గాలం ఏసెటోళ్లకు ఇదే అదను. గుంపు నడుమ కప్పను ఆడిస్తరు. పిల్లల్ని తినొచ్చిందనుకొని పెద్ద చేప మీదికొచ్చి కర్సుకుంటది. ఆకలికి కాదు తమ్మీ, పిల్లల కోసం. దాన్ని తీసుకపోయినంక ఆ ఎర్ర గుంపును జిలేబీలు, నీరుకాకులు చూస్తుండగనే ఖాళీ చేస్తయి. ఒక్క కిలో చేప కోసం వెయ్యి పిల్లలు పోతయి. మా ఊళ్లె ఎర్ర పిల్లలు కనబడ్డ కాడ గాలం ఎయ్యొద్దని చిన్న పోరగాళ్లకు గూడ చెప్పినం. వాళ్లే పెద్దోళ్లను అడ్డుకున్నరు.

మీ సంఘంల భయం గురించి: కొర్రమీను చిన్న పిల్లల్ని మింగుడు నిజమే. సర్కారు పథకంల 35–40 మిల్లీమీటర్లవి, 80–100 మిల్లీమీటర్లవి అని రెండు సైజులున్నయి. ఏడాదంత నీళ్లుండే చెర్వులకు పెద్దవి ఇస్తరు. మీ చెర్వుల నీళ్లుంటె పట్టుబట్టి పెద్దవే తీసుకో. ఇంకో మాట. నువ్వు ఏడుస్తున్న ఆ జిలేబీ పిల్లల్ని తినేది గూడ కొర్రమీనే.

ముత్తుకూరు_విద్యార్థిని:

కాక గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుతున్నాను, కొన్ని మాటలు కలుపుతాను.

కొర్రమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు, పైకి వచ్చి గాలి మింగాలి. అందుకే ఎండిన చెరువు బురదలో కూడా కొన్నాళ్లు బతుకుతుంది. కానీ తంగూసు వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. రాత్రి వల కట్టి పొద్దెక్కాక తీసేవాళ్లకు చచ్చిన కొర్రమీనులు దొరికేది ఇందుకే. చచ్చినదానికి సగం ధర కూడా రాదు. వల కడితే తెల్లవారకముందే చూసుకోవాలి.

సర్కారు పిల్లలు వచ్చిన రోజు సంచి విప్పి నేరుగా గుమ్మరించకండి. మూతి కట్టిన సంచులను పావుగంటో ఇరవై నిమిషాలో చెరువు నీళ్లమీద తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలిపి, పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ వెళ్లేలా సంచిని వంచాలి. పొద్దున్నే చల్లటి వేళ పోయడం మంచిది. మధ్యాహ్నం ఎండలో లారీ నుంచి గుమ్మరించిన పిల్లలు వేడి తేడాకు తట్టుకోలేవు. ఆ రోజు ఈదినట్టే కనిపించి తర్వాత చచ్చిపోతాయి. సంఘం మాత్రం కొర్రమీను తినేసిందనుకుంటుంది.

ఇంకొకటి, ఎవరైనా నీళ్లలో మందు కలిపినా, తోటాలు పేల్చినా ఊరుకోవద్దు. 1897 నాటి మత్స్య చట్టం నుంచే అది నేరం. వాగుల్లో కరెంటు వైర్లు పెట్టేవాళ్లు చేపల్నే కాదు, మనుషుల్నీ చంపుతారు.

ఏటిగడ్డ_సంఘం:

కాకా, నీ మాట కాదనను. కని తొలకరి రాత్రి కాల్వల చేపలు పట్టేది సంఘపోళ్లు ఒక్కరే కాదు గదా. ఊరంత వస్తది. కూలికి పోయేటోళ్లకు ఏడాదిల చేప కూర దొరికేది గా ఒక్క రాత్రే. వాళ్లను వద్దంటె కొట్లాట అయితది. సముద్రం మీద వేటకు పోయేటోళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాంక నిషేధం పెడ్తె ఆంధ్రల ఆ రెండు నెలలకు పైసలిస్తున్నరు. మన చెర్వులోళ్లకు ఎవలిస్తరు? పైగ పొలాలోళ్లు తూము ఎత్తి నీళ్లన్ని ఇడిస్తె మడుగు యాడ మిగులుతది?

మత్తడి_కాక:

మంచిగడిగినవ్ తమ్మీ, మేము గూడ గీడనే చాన రోజులు ఆగినం.

మాకు రూపాయి ఎవలియ్యలే. అందుకే మొత్తం బంద్ అనలే. తొలి వరద తగ్గిందాంక కాల్వల అడ్డం కట్టుడు బంద్ అన్నం, అంతే. చేతివలతోని, గాలంతోని ఇంటికి కూరకు పట్టుకునెటోన్ని ఎవలం అడ్డుకోలే. అడ్డం కట్టినోడు కాల్వ మొత్తాన్ని ఊడ్చుకపోతడు, చేతివలోడు కూరకు తీసుకపోతడు. ఆ తేడా ఊరికి తొందరగనే అర్థమైంది. కూలోళ్ల మాట అన్నవు గదా, అడ్డం కట్టి బస్తాలు నింపింది వాళ్లు కాదు. బండ్ల మీద వచ్చి పట్నం తీసుకపోయి అమ్ముకునెటోళ్లు.

ఒప్పించింది నేను కాదు, మా ఆడోళ్లు. బొచ్చెలు సాలుకు ఒకటి రెండుసార్లు తీస్తం, కాంటా మీద దళారి కొనుక్కపోతడు, ఆ పైసలు సంఘం లెక్కల పోతయి. పరకలు, జెల్లలు అట్ల కాదు. దినాం ఇన్ని, ఎండబెట్టుకుంటె ఎండాకాలందాంక. ఆ పైసలు వాళ్ల కొంగుల ఉంటయి. గ్రామసభల మా చిన్నమ్మ లేచి "పరకలు లేని చెర్వుతోని మాకేం పని" అని అడిగినంక మొగోళ్లెవలు మాట్లాడలే. తినుడు గూడ చూడు. పరకను ముల్లుతో సహా నములుతం, చిన్న పిల్లలకు బొక్కలు గట్టిపడ్తయి. బొచ్చె ముల్లు తీసి పారేస్తం.

తూము సంగతి రైతులతోని కూసొని మాట్లాడుకోవాల్సిందే. మా కాడ మడుగు తూము మట్టానికి కింద ఉన్నది గనుక తూము ఎంత ఎత్తినా ఆ నీళ్లు పోవు. మోటర్లతోనే భయం. యాసంగి వరి ఆఖరి తడికి ఒకరిద్దరు మోటరు దించబోయిన్రు. వాళ్ల పొలాలకు కావాల్సింది పూడిక మట్టి, అది సంఘపు ట్రాక్టర్‌తోని కొట్టిస్తమని ఒప్పుకున్నం. మీకు మడుగు లేకుంటె ఈ ఎండాకాలం పూడిక తీసేటప్పుడే తూముకన్న లోతుగ ఒక మూల తీయించున్రి.

తూముకాడ_తమ్మి:

కాకా, చెల్లె, అందరికీ శనార్తులు. ఇంకోటి అడుగుత. కొర్రమీను మళ్ల వస్తె అంగట్ల టబ్బులల్ల పానంతోని అమ్ముడే గదా. మా అమ్మ దాన్ని పానం ఉండంగనే ఉప్పు, బూడిద పెట్టి రుద్దితె నాకు చిన్నప్పటి సంది మంచిగనిపియ్యది. చేపకు నొప్పి తెలుస్తదా?

ముత్తుకూరు_విద్యార్థిని:

తెలుస్తుంది అన్నా. 2003లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల మూతి దగ్గర నొప్పిని పసిగట్టే నరాలున్నాయని చూపించింది. పెదవులకు ఆమ్లం ఎక్కిస్తే అవి తిండి మానేసి, మూతిని తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు రాసుకున్నాయి.

కొర్రమీను గాలి పీల్చే చేప కాబట్టి బయట ఎక్కువసేపు బతికే ఉంటుంది, అంటే బాధ కూడా ఎక్కువసేపు. రుద్దేముందే కళ్ల వెనక, నడినెత్తి మీద చిన్న కర్రతో ఒక్కటే గట్టి దెబ్బ కొట్టాలి. కన్ను కదలడం ఆగిందో లేదో చూసి, వెంటనే మొప్పల దగ్గర కోయాలి. కొనేవాళ్ల కళ్లముందే చేస్తారు కాబట్టి తాజా కాదన్న అనుమానమూ ఉండదు. టబ్బులో చేపలు ఒకదానిమీద ఒకటి పడి ఉండకూడదు. నీళ్లు నిండుగా పోసి మూత బిగిస్తే గాలి అందదు, పైన జానెడు ఖాళీ వదిలి వల కప్పండి.

మత్తడి_కాక:

ఇది నేను మా అంగట్ల చెప్త. తమ్మీ, మీటింగుల ముందు కాల్వ సంగతి తీర్మానం చేయించు, మడుగు తర్వాత చూడొచ్చు. మృగశిర కార్తెకు ఇంక ఎక్కువ దినాలు లేవు. మా తీర్మానం ఫొటో తీసి రేపు ఈడనే పెడ్త, ఊరి పేరు మార్చుకొని రాసుకోండ్రి.