సీడీ ప్లేయర్ బాగుచేయించాలా, వినైల్‌కి మారిపోవాలా?

మొదటిట్రాక్:
నా సీడీ ప్లేయర్ మొరాయిస్తోంది. డిస్కు పెడితే నాలుగుసార్లలో మూడుసార్లు "నో డిస్క్" అంటుంది. పదిహేనేళ్ల మిషను. దీని మీద మళ్లీ డబ్బు పెట్టేకంటే వినైల్‌కి, అంటే ముల్లుతో ఆడే ఎల్పీ రికార్డులకి, మారిపోతే పోలా అనిపిస్తోంది. మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో ఎల్పీ విన్నాను. మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది. అదే ఆల్బమ్ సీడీ నా దగ్గర ఉంది, ఎప్పుడూ అంత బాగా వినిపించలేదు. నా దగ్గర 140 సీడీలున్నాయి, ఎల్పీ ఒక్కటీ లేదు. ఆంప్లిఫయర్ వెనక సీడీ, ట్యూనర్, ఆక్స్ సాకెట్లున్నాయి. సౌండ్ నిజంగా వినైల్‌లోనే బాగుంటుందా? పెట్టిన డబ్బుకి ఏది గిట్టుబాటు?

గాడిలోపాట:
కళ్లు మూసుకుని మారిపోండి. సీడీలో సౌండ్‌ని ముక్కలు ముక్కలుగా కోసి మెట్లలా పేరుస్తారు. రికార్డు గాడిలో ఉన్నది అసలైన అల.

ముల్లుమార్చాను:
ఆ మెట్ల బొమ్మ చూపించి నేనూ ఒకప్పుడు చాలామందితో వాదించాను, కాబట్టి గాడిలోపాట గారి మీద కోపం లేదు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి (శాంపిల్స్ అంటారు) రాస్తారన్నది నిజమే. కానీ ప్లేయర్‌లోంచి వైరులోకి వచ్చేసరికి మెట్లు ఉండవు, ఫిల్టర్ దాటి వచ్చేది నున్నటి అలే. మనం వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా అందులో ఏదీ పోదు.

నా దగ్గర రెండూ ఉన్నాయి. వినైల్ వెచ్చదనం సీడీకి చచ్చినా రాదని మా తమ్ముడితో పందెం కాశాను. వాడు నా ఎల్పీనే టర్న్‌టేబుల్ నుంచి కంప్యూటర్‌లోకి రికార్డు చేసి, మామూలు సీడీగా రాశాడు. రెండిటి వాల్యూమ్ సమానం చేశాడు (ఇది ముఖ్యం, కొంచెం గట్టిగా వినిపించేదే మన చెవికి బాగుంటుంది). నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ముల్లు దించే చప్పుడు తెలియకుండా ప్రతిసారీ వాల్యూమ్ సున్నా నుంచి పెంచుతూ వేశాడు. పన్నెండుసార్లలో ఏడుసార్లు కరెక్టుగా చెప్పాను. బొమ్మాబొరుసు వేసుకున్నా ఆరొస్తాయి! టపటపలతో సహా ఆ వెచ్చదనమంతా సీడీలోకి వచ్చేసింది.

మరి మీ స్నేహితుడి ఇంట్లో విన్నదేమిటి? మొదట ఆయన స్పీకర్లు, ఆయన గది. రెండోది, నాకు ఎక్కువ అనుమానం ఉన్నది, మాస్టరింగ్, అంటే పాటని డిస్కుకి ఎక్కించేముందు శబ్దాన్ని సర్దే పని. తొంభైల నుంచి చాలా సీడీలను గట్టిగా మోగాలని నొక్కేశారు. చిన్న శబ్దాన్ని పైకి లాగి, పెద్దదాని తల కోసి, అన్నీ ఒకే ఎత్తులో పెట్టారు. గొంతు ఊపిరాడనట్టు ఉండేది అందుకే. ఆ తప్పు డిస్కుది కాదు. అతి చిన్న శబ్దానికీ అతి పెద్దదానికీ మధ్య సీడీకి 96 డెసిబెల్స్ దాకా చోటుంది, మంచి ఎల్పీకి 70 వస్తే గొప్ప. ఇచ్చిన చోటుని వాడుకోకపోతే సీడీ ఏం చేస్తుంది! మీ సీడీ వెనక "రీమాస్టర్డ్" అని ఉందేమో చూడండి.

వినైల్‌కి దాని కష్టాలు దానికున్నాయి. రికార్డు తిరిగే వేగం మారదు, నిమిషానికి 33⅓ చుట్లు. బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి పోతుంది, ఆ వైపు చివరి పాటకి వచ్చేసరికి 20 చిల్లర. అంతే శబ్దం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే చివరి పాటలో "స", "ష" బుసకొడతాయి. నా రికార్డుల్లో ఈ బుస మామూలు కంటే ఎక్కువ, అది నా పాపమే. ముల్లు ఆయుష్షు 500 నుంచి 1,000 గంటలంటారు. బాగానే పాడుతోంది కదా అని నేను లెక్క పెట్టుకోలేదు. ఒకరోజు బుస భరించలేక కొత్త ముల్లు వేశాను. బుస పోలేదు. అరిగిన ముల్లు గాళ్లని గీకేసింది, అవీ నేను రోజూ వేసుకునే రికార్డుల్నే. వినని రికార్డులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

ఇక డబ్బు. మీ ఆంప్‌కి ఫోనో సాకెట్ (టర్న్‌టేబుల్ గుచ్చేది) లేదు. ముల్లు నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు, సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టులు. ఆక్స్‌లో గుచ్చితే దోమ పాడినట్టుంటుంది. పైగా గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, దాన్ని తిరిగి సరిచేసే ఫోనో ప్రీఆంప్ కొనాలి. తర్వాత టర్న్‌టేబుల్, ఎప్పటికప్పుడు ముల్లు, అన్నిటికీ మించి రికార్డులు. సున్నా నుంచి మొదలు. ఆ డబ్బులో సగం స్పీకర్ల మీద పెడితే మీ 140 సీడీలూ ఒకేసారి బాగుపడతాయి. నేను ఎల్పీలు ఎందుకు ఉంచుకున్నానంటే, వాటిలో చాలావరకు సీడీగా రానేలేదు.

ముందు ప్లేయర్ ప్లగ్ తీసి, మూత విప్పి, లెన్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. నొక్కొద్దు, అది సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది.

మొదటిట్రాక్:
తుడిచాను. దూది బూడిదరంగుకి తిరిగింది. పది డిస్కులు వేస్తే తొమ్మిది ఆడాయి! ఆ ఆల్బమ్ వెనక మీరన్నట్టే "రీమాస్టర్డ్" అని ఉంది. స్నేహితుడిది పాత ఎల్పీ. ఇప్పుడు పాత సీడీ ప్రింటు కోసం వెతుకుతున్నాను. ఆడని పదోదాన్ని వెలుగుకి పెట్టి చూస్తే సూది గుచ్చినట్టు చుక్కలున్నాయి. పాలిష్ చేయిస్తే పోతాయా?

ముల్లుమార్చాను:
పోవండి. వెలుగు ఇటు నుంచి అటు కనిపిస్తోందంటే అక్కడ అల్యూమినియం పొరే లేదు. కింద వైపు గీత పడితే పాలిష్ చేయొచ్చు, లేబుల్ వైపు దెబ్బ తగిలితే అంతే. చుక్కలు బయటి అంచు దగ్గరే ఉంటే మాత్రం మొదటి పాటలు బతికే ఉంటాయి, సీడీ లోపలి నుంచి బయటికి ఆడుతుంది కదా. కంప్యూటర్‌లో పెట్టి, వచ్చినన్ని ఇవాళే కాపీ చేసేసుకోండి.